పెరుగుడు వదిలిన కత్తెర

నేను ఒక కత్తెరను. బట్ట కత్తెరను, కాగితం కత్తెరను కాను. ఆ తేడా తెలియని వాళ్లతో నాకు మాటల్లేవు.

పుట్టింది మీరట్‌లో. అంతకు ముందు జన్మలో ఒక లారీ కింద కమాను పట్టీని. లారీ తుక్కుకు పోయాక నన్ను కాల్చి, కొట్టి, సాగదీసి, రెండు రెక్కలు చేసి నడుమ మర బిగించారు. పాత ఇనుముకు ఇలా కొత్త బతుకునివ్వడానికి ఈమధ్య పెద్ద చదువుల్లో పెద్ద పేరు పెట్టి పాఠాలు చెబుతున్నారు. నన్ను సుత్తితో కొట్టిన ముసలాయన ఏ పేరూ పెట్టలేదు. బీడీ కాలుస్తూ కొట్టాడంతే.

అక్కడి నుంచి సిరిసిల్లకు, బాలమణి చేతికి వచ్చాను. బస్టాండు వెనక ఒకే షట్టరున్న దుకాణం. మగ్గాల చప్పుడు పగలంతా గోడల్లోంచి వినబడేది. బాలమణి చదివింది అయిదో తరగతి, కుట్టింది ఊళ్లో సగం మంది పిల్లల యూనిఫాంలు. నన్ను ఎవరైనా ఊరికే టకటకలాడిస్తే ఊరుకునేది కాదు. "ఉత్త కత్తెర ఆడియ్యకుర్రి, ఇంట్ల కొట్లాటలయితయ్" అని కసిరేది. కాగితం దగ్గరికి నన్ను పోనిచ్చేదే కాదు.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. పిల్లల గౌను కత్తిరించేటప్పుడు కొలతకు రెండు వేళ్లు ఎక్కువ గీసి, ఆ ఎక్కువ బట్టను కుట్టు లోపల మడిచి దాచేది. ఏడాది తిరిగేసరికి పిల్ల ఒళ్లు చేస్తే పాత కుట్టు విప్పి, కొంచెం జరిపి మళ్లీ వేసేది. ఆ దాచిన బట్టను ఆమె 'పెరుగుడు' అనేది. మిగిలిన ముక్క ఏదని తల్లులెవరైనా అడిగితే, "పెరుగుడుల వోయిందక్కా" అని నవ్వేది.

రవళి ఆమె అన్న కూతురు. నాలుగేళ్ల వయసులో తల్లి పోయింది. తండ్రి మగ్గాల దగ్గర రెండు షిఫ్టులు చేసేవాడు. అందుకని పిల్ల మా బల్ల కిందే, ముక్కల కుప్ప మీద నిద్రపోతూ పెరిగింది. ఆ రోజుల్లో బాలమణి నన్ను మెల్లగా ఆడించేది. పిల్ల లేస్తుందని. నిజం చెప్పాలంటే నాకూ ఆ పిల్లంటే ప్రాణం.

అదే రవళికి హైదరాబాద్‌లో ఫ్యాషన్ పీజీలో సీటు వచ్చింది. నేలకూ నీళ్లకూ హాని చేయకుండా, కంప్యూటర్ల సాయంతో బట్టలు చేసే చదువట. బయల్దేరే రోజు బాలమణి నన్ను బల్ల మీద పెట్టింది. కత్తెరను చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు కదా.

"తీస్కపో బిడ్డా. గాడ ఎన్ని మిషన్లున్నా చేతిల కత్తెర ఉండాలె."

ఉండడానికి ఉన్నాను గానీ, పనేది? అక్కడ గీసేది కంప్యూటరు, కోసేది లేజరు. నన్ను రవళి నోట్సు ఎగరకుండా బరువుగా పెట్టుకుంది, అదీ కాగితాల మీద! ఒకరోజు ఆమె రూమ్మేటు నాతో పాల ప్యాకెట్టు కోసింది. ఆ సంగతి ఇంతకంటే చెప్పను. తలుచుకుంటేనే తుప్పు పడుతుంది.

రవళి ఫైనల్ ప్రాజెక్టు స్కూలు యూనిఫాం. ముక్క కూడా వృథా కాకుండా ఒక గౌను చేయాలి. హాస్టల్లో వంట చేసే యాదమ్మ కూతురు మేఘన, మూడో తరగతి, కొలతలకు ఒప్పుకుంది. జూన్‌లో ఆ పిల్ల చుట్టూ ఫోను తిప్పితే వెంట్రుక వాసి తేడా లేకుండా కొలతలన్నీ వచ్చేశాయి. రవళి అలవాటు కొద్దీ రెండు వేళ్లు ఎక్కువ గీసింది. తెర మీద ఆ భాగం ఎర్రబడింది. వృథా, నూటికి ఆరు వంతులు. ఒక్క క్షణం ఆగి, రవళి దాన్ని చెరిపేసింది. వృథా సున్నా! పిచ్చిపిల్ల చప్పట్లు కొట్టుకుంది. నాకు నోరుంది గానీ మాట లేదు, లేకపోతే అప్పుడే అరిచేదాన్ని.

నవంబరులో ప్రాజెక్టు గైడు వసుంధర మేడమ్ ముందు మేఘన ఆ గౌను వేసుకుంది. జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఫోనుకు తెలిసింది జూన్ నెల పిల్ల. పిల్ల జూన్‌లోనే ఉండిపోతుందా ఏమిటి?

"అక్కా, ఊపిరాడ్తలేదు" అంది మేఘన. తప్పు తనదే అనుకుని ఏడుపు మొదలుపెట్టింది. "ఇగ నేను అన్నం తక్కువ తింట అక్కా."

నేను ఎన్ని వందల మీటర్లు కోశానో లెక్కలేదు. ఆ మాట నన్ను కోసినట్టు ఏదీ కోయలేదు.

మేడమ్ కళ్లజోడు తీసి అంది: "ఐదు నెలలకే పక్కన పారేసే గౌనులో వృథా సున్నా ఎలా అవుతుంది రవళీ? జ్యూరీ ముందు చివరి పరీక్షకు పన్నెండు రోజులుంది. ఇదే మళ్లీ తెస్తే నేను సంతకం పెట్టను." సంతకం లేకపోతే పట్టా లేదు. రెండేళ్ల చదువూ గాల్లో కలిసినట్టే.

మర్నాడు రవళి నన్నూ గౌనునూ సంచిలో వేసుకుని సిరిసిల్ల బస్సెక్కింది. బాలమణి గౌను పైభాగం చూడనే లేదు. తిరగేసి, కుట్టు మీద బొటనవేలు నడిపింది.

"పెరుగుడేదే?"

"కంప్యూటర్ల అది వేస్టని చూపెట్టింది అత్తమ్మా."

"గా కంప్యూటరు పిల్లల్ని గన్నదా ఏందే?"

రవళి మేఘన అన్న మాట చెప్పింది. బాలమణి ఇనుప పెట్టె తెరిచి, రవళి మూడో తరగతి గౌను తీసి తిరగేసింది. పక్క కుట్టు వెంట నాలుగు వరసల సూది రంధ్రాలు. మూడు, నాలుగు, అయిదు, ఆరు తరగతులు.

"నువ్వు పెరిగినవని నేనెన్నడన్న నిన్నేమన్న అన్ననా? నువ్వు పెరిగితే కుట్టు ఇప్పిన. గంతే."

రవళి ఆ గౌనులో ముఖం దాచుకుని ఏడ్చింది. ఏడిస్తే ఏడవనీ అనుకున్నాను. బాలమణి మాత్రం నన్ను తీసి బల్ల మీద పెట్టింది.

"ఏడ్సుడు చాలు. కొయ్యి."

రవళి కొత్త బట్ట మీద సుద్దముక్కతో గీత గీసి కోసింది. చాలా రోజుల తర్వాత నా నోట్లో బట్ట పడింది. సాయంత్రం కంప్యూటరు తెరిచి, చెరిపేసిన ఎర్ర భాగాన్ని మళ్లీ గీసి, పసుపు రంగు వేసి, దాని మీద 'పెరుగుడు' అని తెలుగులో రాసింది. పక్క కుట్లకు అత్త చూపించిన గొలుసు కుట్టు వేసింది. ఒక్క దారం లాగితే మొత్తం ఊడి వస్తుంది.

జ్యూరీ రోజు బయటి నుంచి వచ్చిన సారు పసుపు భాగం మీద వేలు పెట్టాడు. "ఈ ఆరు శాతం వృథాయే కదమ్మా?"

"వృథా కాదు సర్, పెరుగుడు" అంది రవళి. ఆమె సైగ చేయగానే గౌను వేసుకుని నిలబడ్డ మేఘన తానే దారం లాగింది. కుట్టు ఊడింది, గౌను వదులైంది. ఆ పిల్ల గుండెనిండా గాలి పీల్చి, "ఇప్పుడు తినొచ్చా అక్కా?" అని అడిగింది. అందరూ నవ్వారు. రవళి నవ్వలేకపోయింది, ఆ పిల్ల తలను పొట్టకు హత్తుకుంది.

"ఈ మాటకు ఆధారం ఏ పుస్తకం?" అన్నాడు సారు.

"పుస్తకం కాదు సర్. మా అత్తమ్మ."

"అయితే ఆధారాల పట్టికలో ఆవిడ పేరు రాయి" అని మేడమ్ సంతకం పెట్టింది.

అట్ట వేసిన ప్రాజెక్టు పుస్తకంతో కలిసి నేనూ దుకాణానికి తిరిగొచ్చాను. బాలమణి వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "బాలమణి. లేడీస్ టైలర్. సిరిసిల్ల." ఇంకోసారి చదివింది. కొంగుతో కళ్లు తుడుచుకుని పేజీలు తిప్పింది. ఎడమ పక్క ఖాళీని రెండు వేళ్లతో కొలిచింది.

"గీడ ఇంత జాగ ఇడిషిండ్రేందే?"

"బైండింగుకు అత్తమ్మా. లోపల కుట్టుల పోతది."

"అబ్బో! పుస్తకానికి గూడ పెరుగుడుంటదన్నట్టు."

ఫ్యాను గాలికి పేజీలు ఎగురుతుంటే బాలమణి నన్ను తీసి, తన పేరున్న పేజీ మీద బరువుగా పెట్టింది. అదీ కాగితమే. అయినా నేను ఏమీ అనలేదు.