పేరు కొట్టిన సామాను

"ఏం పేరు రాయమంటారండీ?"

శ్రీదుర్గ నిద్రలో కూడా ఈ మాటే అంటుందని కూతురు సుస్మిత ఎగతాళి చేసేది. విజయవాడ వన్ టౌన్‌లో వాళ్ళది స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు. వీధివైపు గల్లా దగ్గర భర్త రామకోటేశ్వరరావు కూర్చుంటాడు. వెనక, బిందెల వరసకీ గోడకీ మధ్య మిగిలిన సందులో, చిన్న బల్ల ముందు ఆమె కూర్చుని గిన్నెల మీద పేర్లు కొడుతుంది. పెన్నులా పట్టుకునే కరెంటు మిషను అది. దాని సూది మొన జిర్రుమంటూ స్టీలు మీద అక్షరాలు పొడుస్తుంది. పెళ్ళయిన కొత్తలో, పేర్లు కొట్టే మనిషి మానేస్తే, "ఇంకొకడు దొరికేదాకా కాస్త నువ్వు కూర్చో" అన్నాడు భర్త. ఆమె అక్షరం గుండ్రంగా ఉందని కొనేవాళ్ళు మెచ్చుకోగానే ఆ ఇంకొకడిని వెతకడం మానేశాడు. వ్యాపారం తెలిసినవాడు కదా, ఊరికే వచ్చే చేతికి జీతమిచ్చే చేతిని ఎందుకు తెచ్చుకుంటాడు?

పొద్దున్నే వంట చేసి, అత్తగారు వెంకటరత్నమ్మకి మందులూ టిఫినూ అందించి, క్యారేజీ కట్టుకుని కొట్టుకి వస్తుంది. కొట్టు కట్టేశాక ఇంటికెళ్ళి మళ్ళీ గిన్నెలు పట్టుకుంటుంది. రాత్రికి కుడిచెయ్యి తిమ్మిరెక్కి చపాతీ కర్ర నిలవదు. "రోజంతా ఫ్యాను కింద కూర్చుని వచ్చావు, ఇంకా ఏం కష్టమే నీకు?" అంటుంది అత్తగారు.

కొట్టుకొచ్చి బేరమాడేది ఆడవాళ్ళు. అంచు తడిమి, గోటితో కొట్టి మోత విని ఏరుకునేది ఆడవాళ్ళు. ఇంటికి తీసుకెళ్ళి బతికినంతకాలం తోమేదీ వాళ్ళే. పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొంగు సర్దుకుని, "మా వారి పేరు రాయమ్మా" అంటారు. శ్రీదుర్గ రాస్తుంది. తన పుట్టింటివాళ్ళు చల్లపల్లి నుంచి పంపిన సారె సామాను మీద భర్త పేరు రాసింది కూడా తనే. అత్తగారు పక్కన పీట వేసుకుని కూర్చుని, "ఇంటిపేరుతో సహా రాయి, ఎక్కడ పోయినా మనకే వస్తాయి" అని దగ్గరుండి రాయించింది.

గల్లా పైన ఎర్ర అక్షరాల బోర్డు ఒకటుంది. పేరు కొట్టిన సామాను వాపసు తీసుకోబడదు. రాయించింది రామకోటేశ్వరరావే. ఎవరైనా సొట్టపడిందనో, సైజు చాలలేదనో తిరిగి తెస్తే అతను వాదనకి దిగడు. బోర్డు వైపు వేలు చూపించి ఫోను చూసుకుంటాడు.

ఆ కొట్టుకి, నిన్న మధ్యాహ్నం, మనిషంత పొడుగు అట్టపెట్టె ఒకటి వచ్చింది.

"ఏంటిది? మనం ఏమీ ఆర్డర్ పెట్టలేదే?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"నేను పెట్టానండీ. గిటారు."

"సుస్మితకా?"

"నాకు."

పక్క ఇత్తడి కొట్టు జాకీర్ టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రామకోటేశ్వరరావు అతని వైపు చూసి నవ్వాడు. "విన్నావా జాకీర్ భాయ్, మా ఆవిడ ఆర్కెస్ట్రా పెడుతుందట. నువ్వు బిందెలు పట్రా, డప్పుకి పనికొస్తాయి."

శ్రీదుర్గ పెట్టె కోసింది. లోపల ఒక చిన్న స్పీకరు, దాని పక్కన నల్లటి గట్టి పెట్టె, ఆ పెట్టెలో ముదురు ఆకుపచ్చ రంగులో, అద్దంలా మెరుస్తూ గిటారు. ఏ సరుకైనా ముందు చేత్తో ఎత్తి బరువు చూడడం ఆమెకి అలవాటు. ఎత్తింది. ఇంత సన్నటి వస్తువు అంత బరువు ఉంటుందనుకోలేదు. కానీ ఆ బరువు ఒకవైపుకి లాగడం లేదు, ఒళ్ళోకి వచ్చి కుదురుగా కూర్చుంది. మెడ అంచు వెంట బొటనవేలు నడిపింది. మెట్లు మెట్లుగా బిగించిన లోహపు కమ్మీల కొసలు ఎక్కడైనా గుచ్చుకుంటాయేమోనని, గిన్నె అంచు తడిమినట్టే తడిమింది. ఎక్కడా ఒక్క గరుకు లేదు. చేసినవాడు చివరిదాకా ఓపిక పట్టాడు. వెనక్కి తిప్పితే, మెడ ఒంటికి కలిసేచోట నాలుగు మరలతో బిగించిన స్టీలు పలక కనిపించింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. దాని మీద ఇంకా ఏ అక్షరమూ లేదు.

ఇంతలో భర్త చెయ్యి వచ్చింది. గోటితో ఆ ఆకుపచ్చ ఒంటి మీద టక్‌మని కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. మళ్ళీ కొట్టాడు. తర్వాత తీగ లాగాడు. దోమ పాడినంత సన్నగా ఏదో వినిపించింది.

"మోత ఏదీ?" అన్నాడు. "లోపల బోలు లేదు, మొద్దు కట్టె. నిన్ను మోసం చేశారు దుర్గా. దీనికి ఎంత పెట్టావు?"

చెప్పింది. జాకీర్ టీ తాగడం ఆపాడు.

"ఆ డబ్బుకి బండి వస్తుంది కదే," అన్నాడు భర్త. కొట్టు ముందు నలుగురు గిరాకీలున్నారు. గొంతు తగ్గించలేదు. "అడగాలనైనా అనిపించలేదా?"

ఆ డబ్బు కొట్టుది కాదు. ఫంక్షన్లకి పంచే స్టీలు గ్లాసుల మీద, డబ్బాల మీద పేర్లు కొట్టే ఆర్డర్లు ఫోన్లో తనే పట్టుకుని, మధ్యాహ్నం అతను ఇంటికెళ్ళి కునుకు తీసేవేళ చేసుకున్న పని. సామానుకి గల్లాలో డబ్బు కట్టేసి, పేర్ల కూలి మాత్రం దాచుకుంది. ఆ సంగతి అతనికీ తెలుసు. నలుగురిలో "మా ఆవిడ పాకెట్ మనీ" అంటాడు. పాకెట్ మనీ అన్నంతసేపూ దాన్ని ఎవరూ అడగలేదు. ఖర్చు పెట్టేసరికి అందరి సొమ్మూ అయిపోయింది.

"ఇది కరెంటు గిటారండీ. ఊరికే మోగదు. ఈ స్పీకరుకి తగిలించాలి," అంది.

"మంచి సరుక్కి ఇంకో సరుకు తోడు ఎందుకు? ఇరవై ఏళ్ళుగా సామాను మోత వింటున్నాను, నాకు చెప్తావా?"

సాయంత్రం ఇంట్లో అత్తగారు తీర్పు చెప్పింది. "ఈ వయసులో డ్యాన్సులూ పాటలూ ఏంటే? నలుగురూ నవ్వరూ?"

చల్లపల్లిలో చదువుకునేటప్పుడు హెలెన్ టీచరు ఆమెకి గిటారు నేర్పింది. చర్చిలో వాయించే పాత చెక్క గిటారు, పెళ్ళప్పుడు ఆవిడే చేతిలో పెట్టి పంపింది. శ్రీదుర్గ పురిటికి పుట్టింటికెళ్ళి, బిడ్డతో తిరిగొచ్చేసరికి అటక మీద అది లేదు. "తీగలు తుప్పు పట్టాయి, పసిపిల్లకి గుచ్చుకుంటాయని పాత సామాన్లవాడికి వేసేశాను. మంచి టబ్బు ఇచ్చాడు," అంది అత్తగారు. నీలం ప్లాస్టిక్ టబ్బు. సుస్మితకి నడక వచ్చేదాకా శ్రీదుర్గ ఆ టబ్బులోనే స్నానం చేయించింది. ప్రతిరోజూ నీళ్ళు పోస్తూ, తన గిటారు ఎంత లోతుందో చూసుకుంది. ఒక్కరోజు కూడా పైకి ఏమీ అనలేదు. అననందుకు ఆ ఇంట్లో ఆమెని మంచి కోడలన్నారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మంచితనం మీదే ఆమెకి ఒళ్ళు మండుతోంది.

ఈరోజు పొద్దున్న ఆమె పప్పుకి పోపు పెడుతుంటే భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఉన్నది ఆమె ఫోను.

"నీ గిటారు రిటర్న్ పెట్టేశాను. మధ్యాహ్నం కొట్టుకొచ్చి తీసుకెళ్తారు. డబ్బు నీ అకౌంట్లోనే పడుతుందిలే. పడ్డాక గోడౌన్ అడ్వాన్సుకి సర్దుదాం."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "నన్ను అడగాలనైనా అనిపించలేదా?"

అవి తన మాటలేనని అతనికి తట్టలేదు. "మంచికే చేశాను. ఒక్కటి గుర్తుపెట్టుకో, దాని మీద గీత పడనీకు. చిన్న గీత ఉన్నా వాళ్ళు తీసుకోరట. పెట్టెలోనే ఉంచు."

పోపు మాడింది. ఆమె దాన్ని పారబొయ్యలేదు. అదే పప్పులో వేసి, అదే క్యారేజీలో కట్టింది.

మధ్యాహ్నం భర్త భోంచేసి, పప్పు మాడిందని సణిగి, కునుక్కి ఇంటికెళ్ళాడు. కొట్టులో గిరాకీ లేదు. శ్రీదుర్గ బల్ల దగ్గర ఉన్నది ఒకటే ప్లగ్గు. మిషను వైరు పీకేసి స్పీకరు వైరు పెట్టింది. గిటారుని దానికి తగిలించి, ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడో హెలెన్ టీచరు వేళ్ళు పట్టుకుని ఒకటొకటిగా పెట్టించిన చోట ఎడమచేతి వేళ్ళు పెట్టింది. చెక్క గిటారు తీగలు నొక్కితే అప్పట్లో వేళ్ళు కోసుకుపోయేవి. ఇవి మెత్తగా లొంగాయి. కుడిచేత్తో గట్టిగా మీటబోయి, భయమేసి, తాకీ తాకనట్టు తాకింది.

బిందెలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. వరసగా పేర్చిన పళ్ళేలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఇత్తడి కొట్టులోంచి జాకీర్ తొంగిచూసి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇంత కొంచెం తాకితే ఇంత పలికే వస్తువు ఒకటుంటుందని ఆమెకి తెలియదు. ఇన్నాళ్ళూ ఎంత గట్టిగా చెప్పినా వినపడని చోట ఉండి ఉండి, మెల్లగా అన్నది కూడా వినపడుతుందన్న సంగతే మరిచిపోయింది. వేలు కదపకుండా ఉంచింది. స్వరం సన్నగిల్లుతూ ఇంకా ఉంది. స్టీలు గిన్నె మోత ఇంతసేపు నిలవదు. చెయ్యి తిమ్మిరిగానే ఉంది, రెండో స్వరం తప్పింది, మూడోదీ తప్పింది. తప్పు మోత కూడా అంత పెద్దగానే మోగింది. ఆమె సిగ్గుపడలేదు. ఆ చేతికి తిమ్మిరెక్కించింది ఎవరో ఆమెకి తెలుసు.

"వదినగారూ," అన్నాడు జాకీర్, "మావాడు చెప్పింది తప్పు. మోత ఉంది."

ఆమె స్పీకరు వైరు పీకి, మిషను వైరు పెట్టింది. బల్ల మీద తువ్వాలు పరిచి గిటారుని బోర్లా పడుకోబెట్టింది. స్టీలు పలక మీద మొన ఆనించి, అలవాటు కొద్దీ, ఏం పేరు రాయమంటారండీ అని నోట్లోనే అనుకుంది. అడిగినదీ చెప్పాల్సినదీ తనే. ఇంటిపేరు రాయలేదు. ఎవరి భార్యో రాయలేదు. శ్రీదుర్గ, అని రాసింది. ఇన్నేళ్ళలో అక్షరం అంత లోతుగా ఎప్పుడూ దించలేదు.

భర్త తిరిగొచ్చిన కాసేపటికే కొరియర్ మనిషి వచ్చాడు. పెట్టె తెరిచి, ఫోటోతో పోల్చుకుంటూ గిటారుని వెనక్కి తిప్పాడు.

"పేరు కొట్టేశారేంటండీ? ఇలాగైతే తీసుకోం."

రామకోటేశ్వరరావు వంగి చూశాడు. ఆ గుండ్రటి అక్షరం ఎవరిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. "ఏంటి దుర్గా ఇది? బుద్ధుందా నీకు? గీత పడనీకని చెప్పానా?"

ఆమె వాదనకి దిగలేదు. గల్లా పైనున్న బోర్డు వైపు వేలు చూపించింది. గుమ్మంలో జాకీర్ తల పక్కకి తిప్పుకున్నాడు, నవ్వు ఆపుకోవడానికి.

కొరియర్ మనిషి వెళ్ళిపోయాడు. అంతవరకూ పెళ్ళి గ్లాసుల బస్తా పట్టుకుని నిలబడ్డ పెద్దావిడ, "మా వారి పేరు కొట్టాలమ్మా, తొందరగా," అంది.

"మిషను ఇదిగోనండీ," అని శ్రీదుర్గ దాని వైరు పీకి, చుట్టచుట్టి, గల్లా మీద భర్త చేతి దగ్గర పెట్టింది. "పేర్లు కొట్టడానికి ఆయన మనిషిని చూసుకుంటున్నారు. దొరికేదాకా కాస్త ఆయనే కూర్చుంటారు."

తర్వాత సందులోకి వెళ్ళి, ఖాళీ అయిన ప్లగ్గులో స్పీకరు వైరు పెట్టింది.