ఏడో నంబరు ఖర్చు

కన్నకొడుకు మీద కేసు వెయ్యమని కోడలిని లాయరు దగ్గరికి లాక్కెళ్లిన అత్తగారిని నేనే. బుగ్గలు నొక్కుకునేవాళ్లు నొక్కుకోండి, నాకేం పోయింది!

మావాడు కృష్ణచైతన్య ఏడాది కిందట పెళ్లాంతో పడక, ఈ ఊళ్లోనే పాసిర్ రిస్ అనే పేటలో గది అద్దెకు తీసుకుని వెళ్లిపోయాడు. నన్ను రమ్మనలేదు. సెంగ్‌కాంగ్ ఫ్లాటులో నేనూ, కోడలు ఆమనీ, ఎనిమిదేళ్ల మనవరాలు కీర్తికా మిగిలాం. పిల్లకు మాట తడబడుతుంది. వారం వారం స్పీచ్ థెరపీకి వెళ్తూ అప్పుడప్పుడే దారిలో పడుతూ ఉండేది. తన ఒక్క జీతంతో సాగక ఆమని ఆ థెరపీ మాన్పించేసింది. "ఇట్స్ ఓకే లా, నానమ్మా" అని ఇక్కడివాళ్ల యాసలో అనడానికి ఆ పిల్ల నాలుగుసార్లు ఆగింది.

అందుకే మనోవర్తి కేసు వేయించాను. శనివారాలు కమ్యూనిటీ క్లబ్బులో ఉచితంగా సలహా చెప్పే లాయరు హీనా హైదరాబాదు పిల్ల. చైతన్య కోర్టుకు ఇచ్చిన ఖర్చుల పట్టీ ముందేసుకుని కూర్చుంది.

"జీతం మొత్తం వీటికే అయిపోతున్నదంట. పాపకు రెండొందల కంటే ఎక్కువ ఇయ్యలేడంట" అని ఒక్కొక్కటే చదివింది. గది అద్దె, తిండి, జిమ్ము... "ఏడో నంబరు. తల్లి పోషణకు నెలకు ఆరు వందల డాలర్లు."

ఏ తల్లో వచ్చి కూర్చుందేమోనని వెనక్కి తిరిగి చూశాను.

"ఎవరి తల్లమ్మా?"

"మీరే కదా ఆంటీ!"

"ఓరి వీడి దుంప తెగ! ఏడాదిగా నా మందులూ, నా కాఫీపొడీ అన్నీ ఈ పిచ్చితల్లే కొంటోంది. వాడు నా పుట్టినరోజుకి కేకు ఫొటో పంపాడు. ఫొటో!"

"వదిలెయ్యండి అత్తయ్యా" అంది ఆమని.

హీనా నవ్వు ఆపుకుంది. "వదలకుండ్రి. నెలకు ఆరు వందలు తీయగలనని ఆయనే రాసిండు కదా. మీకు ఇస్తలేడని మీరు సంతకం పెట్టి రాసిస్తే, అవి పాపకు ఇప్పియ్యమని అడగొచ్చు. కానీ ఆ మాట ఆయన ముంగట గూడ చెప్పాలె ఆంటీ."

నా వేడంతా చప్పున చల్లారింది. వాడికి అక్షరాలు దిద్దించిన చెయ్యి నాది. ఇప్పుడు నలుగురిలో నిలబడి, నా కొడుకు అబద్ధాలకోరని నా నోటితోనే చెప్పాలా? ఏడుపొచ్చేసింది. పక్కన బొమ్మలు గీసుకుంటున్న కీర్తిక "నా... నా..." అని, మాట అందక ఊరుకుని, టిష్యూ కాగితం నా చేతిలో పెట్టింది.

కళ్లు తుడుచుకుని, "ఎక్కడ పెట్టాలమ్మా సంతకం?" అన్నాను.

కోర్టులో రాజీ మాటలకు పిలిచిన రోజు, గది బయట నన్ను చూసి చైతన్య బిత్తరపోయాడు.

"నువ్వెందుకొచ్చావమ్మా? ఇది నాకూ ఆమనికీ మధ్య వ్యవహారం."

"నేనెవర్నిరా? నీ ఏడో నంబరు ఖర్చుని. ఆ డబ్బు పిల్లకిస్తావా, నన్ను లోపలికొచ్చి మాట్లాడమంటావా?"

వాడు లోపలికి వెళ్లి, ఆ రెండొందలకు ఈ ఆరు వందలూ కలిపి పిల్లకిస్తానని ఒప్పుకున్నాడు. సంతకానికి పెన్ను లేదని బయటికొస్తే నాదే ఇచ్చాను.

పని కాగానే వెనక్కి లాక్కున్నాను. లేకపోతే అదీ తనే కొనిపెట్టానని రాస్తాడు, వెధవ.