కంచె అవతల నలభై డాలర్లు

కంచెకు పడమట వయోమింగ్, తూర్పున సౌత్ డకోటా. పడమట కయోటీని కాల్చడానికి ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు. తూర్పున పొరుగు రాష్ట్రంవాడికి నలభై డాలర్లు, ఆపైన రుసుము. కయోటీ నక్కకు ఎక్కువ, తోడేలుకు తక్కువ. దాని తోలుకు ఆ ఏడాది పది డాలర్లు కూడా రావడం లేదు.

"పది డాలర్ల తోలుకి నలభై కట్టేవాడు వేటగాడు కాదు, దాత," అనేవాడు ఆరిన్ హాగెన్. వయోమింగ్‌వాడు, అరవై నాలుగేళ్లు. కూత పెట్టి కయోటీలను రప్పించడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు.

అతని మేనకోడలు డార్లా గొర్రెల మంద కంచెకు తూర్పున ఉంది. ఏప్రిల్‌లో మూడు వారాల్లో పదకొండు గొర్రెపిల్లలు పోయాయి. జాడలన్నీ ఒకే కయోటీవి, దానికి ముందు కాలు కుంటి. డార్లాయే కాల్చేది గానీ, ఈనబోతున్న గొర్రె ఒకటి కుమ్మి ఎడమ మణికట్టు విరగ్గొట్టింది. ఇలాగే ఇంకో వారం సాగితే మంద అమ్మేస్తానని, కొనేవాడు కూడా ఉన్నాడని మామయ్యకు ఫోన్ చేసింది.

ఆరిన్ వచ్చాడు. కంచె మాత్రం దాటలేదు.

"నేను అటు రాను. దాన్నే వయోమింగ్‌కి రప్పిస్తా."

"దానికి చెప్పావా మామయ్యా?"

తెల్లవారుతుండగా ఇద్దరూ పడమటి దిబ్బమీద పొదల్లో కూర్చున్నారు. కయోటీ పిలుపుకు తిన్నగా రాదు. గాలి వెళ్లే దిక్కుకు చుట్టి వచ్చి, వాసన చూసుకుంటుంది. ఆ ఉదయం గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తోంది, అంటే అది కంచెకు తూర్పునే ఆగుతుంది. ఈ సంగతి ఆరిన్‌కు నలభై ఏళ్లుగా తెలుసు. కంచె ఇవతలే ఉండాలన్న పట్టుదలలో పట్టించుకోలేదు.

చావుకేక పెట్టే కుందేలులా కూత ఊదాడు. మూడో కూతకు డార్లా అతని మోచేయి గిల్లింది. కయోటీ వాళ్ల వెనక, కంచెకు తూర్పున, నూట ఇరవై గజాల దూరంలో కూర్చుని చూస్తోంది. కూర్చునే ముందు కుంటింది.

"అదే," అంది డార్లా, పెదవులు కదపకుండా. "కాల్చు."

"అది డకోటాలో ఉంది."

"నా పిల్లలూ అక్కడే ఉండేవి."

ఆరిన్ మెల్లగా తిరిగి తుపాకి మోకాలిమీద ఆనించాడు. "నీ ఫోన్లో సిగ్నల్ ఉందా?"

ఉంది. డార్లా కుడి బొటనవేలితో ఫారం నింపడం మొదలుపెట్టింది. ఆరిన్ కయోటీ లేవకుండా సన్నగా ఎలుకకూత పెడుతున్నాడు, మధ్యమధ్య జవాబిస్తున్నాడు.

"పుట్టినరోజు?"

చెప్పాడు.

"ఎత్తు?"

"ఆరడుగులు."

"బరువు?"

"నూట తొంభై పౌన్లు."

"మామయ్యా, తప్పు రాస్తే లైసెన్సు చెల్లదట."

"రెండొందల ముప్పై. మీ అత్తకి చెప్పకు."

కయోటీ లేచింది. రెండడుగులు వేసి ఆగింది. ఇంకాస్త పక్కకు జరిగితే వీళ్ల వాసన దానికి తగులుతుంది.

"కార్డు నంబరు?"

"పర్సు వెనక జేబులో ఉంది. నేను కదల్లేను."

"మరైతే నన్ను తిట్టకు," అని డార్లా తనే తీసుకుంది. అంకెలు కొట్టింది. తెరమీద చక్రం తిరిగింది. కయోటీ ముక్కు ఎత్తింది.

"లైసెన్సు వచ్చింది. కాల్చు."

ఆరిన్ చెంప తుపాకికి ఆనేలోపు కయోటీ వాగులోకి దూకింది.

"ఎప్పటిదాకా చెల్లుతుంది?" అన్నాడు ఆరిన్.

"డిసెంబరు ముప్పై ఒకటి."

అతను లేచి, తుపాకి ఖాళీ చేసి, కంచె తీగ ఎత్తి, తూర్పుకు దూరాడు.

"నాలుగున్నరకి కాఫీ పెట్టు. రోజూ."

"ఎన్నాళ్లు?"

"నలభై డాలర్లు తీరేదాకా."

ఈసారి గాలి చూసుకుని, డార్లా గొర్రెల దొడ్డి వెనకే కూర్చున్నాడు. నాలుగో ఉదయం ఒక్క తూటా పేలింది. డార్లా వెళ్లి ముందు కాలు ఎత్తి చూసింది. కుంటి కాలే. మందను కొంటానన్నవాడికి అక్కడినుంచే ఫోన్ చేసి, అమ్మడం లేదని చెప్పింది.

మర్నాడు నాలుగున్నరకు తలుపు చప్పుడైంది.

"చచ్చిందిగా మామయ్యా."

"ఇంకా ఎనిమిది నెలలుంది," అన్నాడు ఆరిన్, కప్పు చాపుతూ.