పెందా అవ్వ నల్ల చిగుళ్లు

లూగా ఊళ్లో పళ్ల డాక్టర్ని నేనొక్కదాన్నే అంటే అబద్ధం. సంత వీధిలో ఇంకొకాయన ఉన్నాడు. కానీ ఎవరినైనా నిలబెట్టి మంచి డాక్టరు ఎవరని అడగండి, దిబోర్ ఫాయ్ అని నా పేరే చెబుతారు. తన గొప్ప తనే చెప్పుకుంటోందని మూతి విరవకండి. చెప్పుకోదగ్గ పని చేసినప్పుడు చెప్పుకోవడంలో తప్పేముంది?

నేను చూడని నోరు లేదు. పిప్పిపన్ను పీకించుకునే వేరుశనగ రైతులు, పెళ్లి వారం ఉందనగా పళ్లు తెల్లగా చేయమని పరిగెత్తుకొచ్చే పెళ్లికూతుళ్లు, కొరుకుడు పంటికి బంగారు తొడుగు అడిగే పశువుల వ్యాపారులు, అందరూ వస్తారు. ముందుపళ్ల మధ్య సందు అందమని దాన్ని ఇంకాస్త పెద్దది చేయమని అక్క వస్తుంది, అదే సందు మూసేయమని చెల్లెలు వస్తుంది. ఎవరికి కావలసింది వాళ్లకు చేస్తాను. ఇంట్లో సూదులతో చిగుళ్లకు పచ్చబొట్టు పొడిపించుకొని మూతి వాచి వచ్చే ఆడపిల్లలకు మాత్రం ముందు చీవాట్లు, తర్వాత మందు. ఒకే సూదుల కట్ట ఇంతమంది నోళ్లలో తిరిగితే ఏ రోగం ఎవరికి అంటుకుంటుందో ఎవరు చెప్పగలరు?

అలాంటి నా దగ్గరికి పెందా బా అవ్వ వచ్చింది. ఆవిడ పశువులు కాసే ఫూల్బే తెగ మనిషి. ఆవుల వెంట తిరిగి తిరిగి, భర్త పోయాక పట్నంలో కొడుకు ఇంటికి చేరింది. పళ్లన్నీ ఊగిపోతుంటే నేనే ఒక్కొక్కటీ తీసేశాను. పుండ్లు మానేదాకా ఆగి, పైకీ కిందకీ పళ్లసెట్టు చేయించాను. అన్నాళ్లూ ఆవిడ తలమీది ముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది.

ఫూల్బేలకూ మా సెరేర్ తెగకూ తాతల నాటి నుంచీ వేళాకోళం చుట్టరికం. కనిపించగానే తిట్టుకోకపోతే ఒంట్లో బాగాలేదేమోనని అనుమానించాలి.

"ఓ సెరేర్ పిల్లా! మీ తాతలు మా దొడ్లో పేడ ఎత్తినవాళ్లు, నువ్వేమో నా నోట్లో చేతులు పెడుతున్నావా!" అనేది కుర్చీలో కూర్చుంటూనే.

"మా ఆవుల్ని దొంగిలించుకుపోతే వెతుక్కుంటూ వచ్చారవ్వా మా తాతలు. పేడ ఎత్తడానికి కాదు," అనేదాన్ని.

సెట్టు ఇచ్చే రోజు నాకు పండగలా ఉంది. దాన్ని తయారుచేసింది మాసాంబా. నా క్లినిక్ వెనక గదిలో కట్టుడు పళ్లు చేసే మనిషి, కోపిష్టి, పనిలో మొనగాడు. చిగుళ్ల కోసం విదేశం నుంచి తెప్పించిన గులాబి పొడి వాడాడు. కడిగి, తుడిచి, తెల్లగుడ్డలో పెట్టి ఇచ్చాను.

అవ్వ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"పళ్లు బాగున్నాయి. ఈ చిగురేంటే, పిల్లి నాలుకలాగుంది?"

"అసలు చిగురు రంగదే కదా అవ్వా."

"ఎవరికి? నీకా? పుట్టిన పిల్లకా?" అని కొంగు తీసి నోరు తెరిచింది. "ఇటు చూడు. నా చిగురు ఏ రంగు?"

ఎన్నిసార్లు చూశానో ఆ నోరు! అయినా ఆ రోజే చూసినట్టయింది. పళ్లు లేని ఆ చిగుళ్లు ఈ చివర నుంచి ఆ చివరదాకా నల్లనేరేడు పండులా ఉన్నాయి. వాళ్ల కాలంలో ముళ్లకట్టతో పొడిచి మసి రుద్దేవాళ్లు. పొడుస్తున్నంతసేపూ చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ పాడతారు. పిల్ల మూలగకూడదు, కన్నీళ్లు పెట్టకూడదు. లేచి పరిగెత్తిందా, పిరికిదన్న పేరు చచ్చేదాకా పోదు. చిగుళ్లు నిండా నల్లగా ఉన్న ఆడది ఓర్చుకున్న ఆడది. అది చెప్పుకోవాల్సిన పని లేదు, నవ్వితే చాలు. ఆ నలుపంతా నేను గులాబి ప్లాస్టిక్కుతో కప్పెట్టి, పైగా తెల్లగుడ్డలో పెట్టి ఇచ్చాను.

"నా మనవరాలు ఊలేయ్ నిన్న ప్రసవించింది," అంది అవ్వ. "వారానికి పేరు పెడతారు. పిల్లాణ్ణి నా ఒళ్లో పెట్టుకుని నడిమధ్య కూర్చోవాలి. అల్లుడి తరఫు ఆడవాళ్లు నన్నెప్పుడూ చూడలేదు. ఈ నోటితో నవ్వితే ఏమనుకుంటారు? ముళ్లకట్ట చూసి పారిపోయిన బాపతనుకోరూ? దీనికంటే నా ముసుగే నయం. నువ్వే ఉంచుకో."

సెట్టు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు, నామీద నాకే. మాసాంబా దగ్గరికి వెళ్లి చిగుళ్లు నల్లగా చేయాలన్నాను.

"డాక్టరమ్మా, ముప్పై ఏళ్లుగా పళ్లు చేస్తున్నా. నల్ల చిగుళ్లు అడిగినవాళ్లు లేరు."

"అడిగిన ఆవిడ వచ్చింది. చేస్తావా, సంత వీధి ఆయన దగ్గర చేయించనా?"

ఆ మాట చాలు. మర్నాడు నల్లటి సెట్టు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఆవిడ కొడుకు స్కూటర్ మీద అవ్వను మళ్లీ రప్పించాను. చూసీ చూడగానే పెదవి విరిచింది.

"ఇది చిగురా, బూటు పాలిషా?"

మాసాంబా మొహం మాడిపోయింది. కానీ ఆవిడ అన్నది నిజమే. పొడిచిన నలుపు ఒక్క తీరుగా ఉండదు. కొంచెం నీలం, కొంచెం బూడిద, ఒకచోట చిక్కన, ఒకచోట పలచన. రంగు సంగతి తేలిక, అవ్వ చిగుళ్ల పక్కన పెట్టి కలుపుకుంటాం. పంటికీ పంటికీ మధ్య ఆ నలుపు ఎలా దిగుతుందో, ఎక్కడ ఆగుతుందో ఎలా తెలుస్తుంది? ఆ పళ్లూ లేవు, వాటి మధ్య చిగురూ లేదు. ఫోటోలు లేవు.

"పళ్లున్నప్పుడు ఎలా ఉండేదో గుర్తుందా అవ్వా?" అన్నాను.

"నా నోరు నాకెలా కనబడుతుందే? యాభై ఏళ్ల నుంచీ నేను చూసింది దికెల్ నోరు. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే చేయి పొడిచింది."

"దికెల్ ఎవరు? పళ్లున్నాయా?"

"ఒక్కటి ఊడలేదు ముండకి," అని ఏదో గుర్తొచ్చినట్టు చటుక్కున ఆగింది. "వద్దులే. దాన్ని అడగొద్దు."

"ఎందుకూ?"

"అడగొద్దన్నానా లేదా!"

ఈడువాళ్ల మధ్య పంతాలు అనుకున్నాను. నాకు పంతం లేదా? ఊలేయ్ ఇంటికి వెళ్లి బాలింతను పలకరించి, ఆ దికెల్ అవ్వ ఎక్కడుంటుందో కనుక్కొని కబురు పంపాను. పెందా నోరు ఇప్పుడు మీ చేతుల్లో ఉందని చెప్పించాను.

రెండోరోజు ఇద్దరు అవ్వలూ కలిసే వచ్చారు, మెట్ల దగ్గర్నుంచే తగువులాడుకుంటూ.

"అడగొద్దన్నాను ఆ పిల్లని. ఎందుకొచ్చావే?"

"నీ బోసినోరు చూడలేక వచ్చాను."

దికెల్ అవ్వ సన్నగా, పొడుగ్గా ఉంది. కుర్చీలో కూర్చుని కొంగు ఎడమ బుగ్గ మీదికి లాక్కుంది. పెందా అవ్వ ఆవిణ్ణి ఒక్క క్షణం చూసి, మాసాంబాను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లి తలుపు వేసింది. నాకేమీ అర్థం కాలేదు.

"లైటు వేయకుండా చూడలేవా?" అంది దికెల్ అవ్వ.

"లైటు లేకపోతే నాకేం కనిపిస్తుందవ్వా?"

ఆవిడ కొంగు వదిలేసి, కళ్లు మూసుకుని నోరు తెరిచింది. కుడివైపు చూశాను. అంత అందమైన పని! ప్రతి పంటి మొదట్లోనూ నలుపు నెలవంకలా వంగి, మధ్యలో చిక్కబడి, పైకి పోతూ నీలంగా కరిగిపోయింది. ఎడమవైపు తిప్పాను. అక్కడ ఏమీ లేదు. ముందుపళ్లు దాటగానే చిగురు పుట్టిననాడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆవిడ కళ్లు తెరిచింది.

"చూశావుగా."

"చూశాను."

"తెల్లవారకముందే మొదలుపెట్టారు, పాడేవాళ్లింకా రాలేదు. సగంలో లేచి పరిగెత్తాను. పెదవులకి ముందే పొడిచారు, ఇద్దరి మూతులూ వాచే ఉన్నాయి, ఎవరూ నోళ్లు తెరిచి చూడలేదు. మానేసరికి ముసుగు పట్టుకోవడం నేర్చుకున్నాను. పొడిచిన ఆవిడ ఎప్పుడో పోయింది, ఇక పెందా ఒక్కదానికే తెలుసు. నేను లేచిన చాప మీదే కూర్చుని తన వంతు పూర్తి చేయించుకుంది. చుక్క కన్నీరు పెట్టలేదు. నాతో ఎన్ని పోట్లాటలు పెట్టుకుందో! నా మేకలు దాని చేలో పడితే కర్ర తీసుకుని వచ్చింది. ఎంత కోపంలో కూడా ఆ మాట నోరు జారలేదు."

"మరి ఇవాళ మీరెందుకొచ్చారవ్వా?"

"అది అడగలేదు కాబట్టే వచ్చాను."

ఎడమవైపు లైటు తిప్పేసి, కుడివైపు మాత్రమే ఫోటోలు తీశాను. ఈ సంగతి మీకెలా చెబుతున్నానని అడుగుతారేమో. అవ్వల పేర్లు మార్చాను, ఊరు కూడా మార్చానేమో. వెతక్కండి.

మాసాంబాకు ఒకవైపు ఫోటోలే ఇచ్చాను. రెండోవైపు ఏదని అడిగితే, దీన్నే అద్దంలో చూసినట్టు తిప్పి చేయమన్నాను. అతి సన్నని కుంచెతో చుక్క పక్కన చుక్క పెడుతూ కూర్చున్నాడు. పెందా అవ్వ వచ్చి పక్కన బల్ల మీద కూర్చుని, కొంగు నోటికి పెట్టుకుని, ఇక్కడ ఎక్కువైంది, అక్కడ చాలలేదు అని సతాయించింది. సతాయింపుకి సతాయింపు తిరిగి ఇచ్చాడతను. ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా నాకు నా క్లినిక్ మీద ఎక్కడలేని గౌరవం కలిగేది.

పేరు పెట్టే రోజుకు ముందు సాయంత్రం సెట్టు పెట్టాను. అద్దం ఇచ్చాను. అవ్వ నవ్వలేదు. పెదవి వేలితో ఎత్తి అటు చూసింది, ఇటు చూసింది. చాలాసేపు చూసింది.

"మా అమ్మ చూస్తే పోల్చుకునేది," అంది.

తర్వాత నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

మర్నాడు నన్నూ పిలిచారు. పొట్టేలును కోశారు, పిల్లాడికి గుండు గీశారు, చెవిలో పేరు చెప్పారు. సజ్జ సంకటి మీద పెరుగు పోసి గిన్నెలు తిప్పుతున్నారు. పెందా అవ్వ నీలిమందు అద్దిన బట్టల్లో నడిమధ్య కూర్చుని, ఒళ్లో పిల్లాడితో, ప్రతిదానికీ నవ్వుతోంది. నవ్వొచ్చే మాటకీ నవ్వుతోంది, రాని మాటకీ నవ్వుతోంది. అల్లుడి తరఫు ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. నా పక్కన కూర్చున్నావిడతో ఆ పని నాదేనని చెప్పాలని నాలుక దురద పెట్టింది. ఓర్చుకున్నాను.

వాళ్లలో తాకో అని అల్లుడి మేనత్త ఉంది, గొంతూ పెద్దదే, మనిషీ పెద్దదే.

"ఏం చిగుళ్లమ్మా తల్లీ! ఆ చేయి ఎవరిది?"

పెందా అవ్వ నోరు తెరిచేలోపే ఊలేయ్ గొప్పగా అందుకుంది. "మా దికెల్ అవ్వకీ అదే చేయి, అదే రోజు!"

"అలాగా! ఆవిడేదీ?" అంది తాకో ఫోను తీస్తూ. "రా అక్కా, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నవ్వండి. ఫోటో తీస్తా. మా కోడళ్లకి చూపించాలి, ఆడదంటే ఎలా ఉండాలో."

దికెల్ అవ్వ కొంగు ఎడమ బుగ్గ మీదికి పాకింది. "నాకు ఫోటోలు పడవు," అంది.

"సిగ్గేంటి ఈ వయసులో! నవ్వు, నవ్వు!" అని ఆడవాళ్లందరూ చప్పట్లు మొదలుపెట్టారు. తాకో వెళ్లి సరదాగా ఆ కొంగు పట్టుకుని లాగబోయింది. దికెల్ అవ్వ కళ్లు నా వైపు తిరిగాయి. ఏం చెప్పి ఆపాలి?

"ఆగవే!" అంది పెందా అవ్వ.

పిల్లాణ్ణి ఊలేయ్ చేతికిచ్చింది. బొటనవేలు నోట్లో పెట్టి, పైదీ కిందదీ సెట్టంతా ఊడబెరికి, తాకో అరచేతిలో పెట్టింది.

ఆడవాళ్లు కెవ్వుమన్నారు. తాకో చేతిలో కప్ప పడ్డట్టు గెంతింది. ఆ వెంటనే వాకిలంతా నవ్వులు.

"పళ్లు డాక్టరమ్మవి," అంది అవ్వ. పళ్లు లేక మాట తడబడుతోంది, గొంతు మాత్రం తడబడలేదు. "నాది ఇదిగో. తీసుకో ఫోటో!"

నోరు బార్లా తెరిచింది. ఎవరికీ కనిపించకూడదని ఇన్నాళ్లూ కొంగుతో కప్పుకున్న బోసినోరు. అందులో ఈ చివర నుంచి ఆ చివరదాకా నిండు నలుపు. నవ్వులు ఆగిపోయాయి. ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూశారు. ఎవరో ముసలావిడ చప్పట్లు అందుకుని, ముళ్లకట్ట పొడిచేటప్పుడు పాడే పాట ఎత్తుకుంది. తాకో ఫోను సంగతే మరిచి గొంతు కలిపింది.

మాసాంబా కళ్లు పోగొట్టుకుని చుక్కలు పెట్టిన సెట్టు చేతులు మారుతూ మారుతూ చివరికి సంకటి గిన్నె పక్కన చాప మీదికి చేరింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేను చేయించిన పనుల్లో అంతకంటే మంచిది లేదు, అయినా నాకు రవ్వంత బాధ కలగలేదు. ఆ నోటికి పళ్లు పెట్టినదాన్ని నేనేనని మాత్రం ఆ క్షణాన గుండె పొంగిపోయింది.

దికెల్ అవ్వ వంగి సెట్టు తీసింది. నీళ్లకుండ దగ్గర శుభ్రంగా కడిగి తెచ్చి పెందా అవ్వకిచ్చింది.

"పెట్టుకోవే, వాగుడుకాయా."

"నువ్వే పెట్టు," అంది పెందా అవ్వ, ఇంకా నోరు తెరిచే ఉంచి.

ఆ నోట్లో సెట్టు సరిగ్గా కూర్చోబెట్టడానికి రెండు చేతులూ కావాలి. కొంగు జారిపోయింది. దికెల్ అవ్వ రెండు చేతులతోనూ పళ్లు పెడుతూ, పకపకా, నోటి నిండా నవ్వుతోంది. పాట జోరులో ఎవరూ అటు చూడటం లేదు.