మోటరు ఎందుకు తిరుగుతుంది

వైండింగు పట్టేటప్పుడు చేతికి తడి ఉండకూడదు. మంజుల చేతులేమో పొద్దున్నుంచీ నీళ్లలోనే ఉన్నాయి. బియ్యం కడిగింది, అంట్లు తోమింది, అత్త వీరమ్మ చీరలు పిండి దండెం మీద ఆరేసింది. రెండు చేతులూ కొంగుకు గట్టిగా తుడుచుకుని వెనక అర్రలో చాప మీద కూర్చుంది. స్టేటర్‌ను మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. స్టేటరంటే బోరు మోటరు లోపలి ఇనుప గొట్టం. దాని లోపలి గోడ చుట్టూ ఇరవై నాలుగు గాడులు ఉంటాయి. కాలిపోయిన పాత తీగను పీకేసి ఆ గాడుల్లోంచి కొత్త తీగ లాగాలి. గాడికి ఇన్ని చుట్లని లెక్క. ఒక్కటి తప్పినా మోటరు ఎండకాలం దాటదు.

"ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది..."

"ఏయ్, రెండు ఛాయ్ పెట్టు! బడి టీచరమ్మ వచ్చింది," ముందు షాపులోంచి భర్త రామ్మోహన్ కేకేశాడు.

మంజుల బొగ్గుముక్కతో నేల మీద 38 అని రాసి లేచింది. ఆ అర్ర నేలంతా అట్లాంటి అంకెలే. ఏ అంకె దగ్గర ఎవరు పిలిచారో అడిగితే చాలావాటికి చెప్పగలదు.

గూడూరు సడక్ మీద ఆ షాపుకు రామ్మోహన్ పేరుతో బోర్డుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ షాపులో వైండింగు మాత్రం మంజులదే. ఆమెకు నేర్పింది మామ పోశాలు. ఆయన కండ్లకు పొరలొచ్చి తీగ కనిపించకుండా పోయిన ఏడాదే ఆమె ఆ ఇంట్లో కాలుపెట్టింది. కొడుక్కు బోరు దగ్గరికి పోయి మోటరు పైకి గుంజడం, నలుగురితో మాట్లాడటం ఇష్టం. ఒక్కచోట కూర్చుని చుట్లు లెక్కపెట్టమంటే ఒళ్లు జిలపెట్టేది. అందుకని ముసలాయన కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వేళ్లతో తడిమి చూస్తూ, ఒక్కో కాయిలూ, అంటే ఒక్కో తీగచుట్టా, చెప్పి చేయించాడు. ఆయన పోయాక ఆ పని ఎవరిదని ఎవరూ మాట్లాడుకోలేదు. "ఆడిది కాళ్లు బారజాపి మోటరు పట్టుకొని కూసుంటె గిరాకులు జూసి ఏమనుకుంటరు? ఎనుక అర్రల గూసో," అని వీరమ్మ చాప తెచ్చి వెనక అర్రలో వేసింది. ఎప్పుడైనా ఎవరైనా రైతు లోపలికి తొంగిచూస్తే, "మా దానికేం తెల్వదే అన్నా, నేను జెప్పినట్టు తీగ గుంజుతది, గంతే," అని రామ్మోహన్ నవ్వేవాడు. రామ్మోహనన్న చేతి వైండింగు రెండు ఎండకాలాలు ఆగుతదని ఆ రైతులే చుట్టుపక్కల తండాలన్నిట్లో చెప్పేవాళ్లు.

ఛాయ్ ఇచ్చి మంజుల తలుపు పక్కన నిలబడింది. టీచరు పేరు సౌందర్య. చిన్న వయసు. హైస్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఎలక్ట్రికల్ పని నేర్పే కోర్సు పెట్టారట, దానికి ఆమెను వేశారట.

"పుస్తకంల ఉన్నదైతే నేను చెప్తనన్నా. బోరు మోటరు చుట్టుడు మాత్రం నాకు చేతులతోని రాదు," అంది ఆమె దాపరికం లేకుండా. "మండలం మొత్తంల ఆ పనొచ్చినోళ్లు నలుగురైదుగురు లేరంటున్నరు. మోటరు కాలితె పది రోజులు ఆగాలె, ఈలోపు మడి ఎండిపోతది. నేర్చుకునే పిల్లలేమో పట్నం పోయి బండ్ల మీద డబ్బాలు మోస్తున్నరు. వారానికి రెండు రోజులు వచ్చి మా పిల్లలకు చూపెట్టుండ్రి."

"ఓ, గదెంత పని!" అన్నాడు రామ్మోహన్.

మంజులకు ఆ క్షణాన నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. బడిలో వైండింగు ఎట్లా చెప్తారో చూడాలని మాత్రం అనిపించింది. బోర్డు మీద బొమ్మ గీస్తారా? చుట్లు అందరూ కలిసి లెక్కపెడతారా? ఆడపిల్లలు ఉన్నారా? ఉంటే వాళ్లు ఎట్లా కూర్చుంటారు? సాయంత్రం రొట్టెలు చేస్తూ కూడా ఆమె అదే ఆలోచించింది.

రామ్మోహన్ గురువారం ఇస్త్రీ అంగీ వేసుకుని పోయాడు, ఈల వేసుకుంటూ వచ్చాడు. శనివారం వచ్చేటప్పుడు ఈల లేదు. గోనెసంచిలోంచి స్టేటర్‌ను తీసి చాప మీద పెట్టాడు.

"జర చూడు దీన్ని. గుయ్యిమని మూల్గుతంది గని తిరుగుతలేదు. సోమారం వరకు సరిచెయ్యి. నేనే చేసిన్నని చెప్త."

"ఏమైంది?"

"ఏమైతది! పిలగాండ్లు మస్తుగ చుట్టిండ్రు. కొసలు నేనే కలిపిన. తండా పొల్ల ఒకతి ఉన్నది, చాందీ అని. ఎందుకు తిరుగుతలేదు సార్ అని ఒకటే అడుగుడు. కరెంటు తక్కువొస్తందని చెప్పిన. అప్పుడే మీదున్న ఫ్యాను గిర్రున తిరుగుతంది. అందరు నవ్విండ్రు."

ఆ మాటంటున్నప్పుడు అతని ముఖం చూసి మంజులకు జాలేసింది. నిజంగానే జాలేసింది.

ఆదివారం మధ్యాహ్నం రామ్మోహన్ బేరింగుల కోసం మానుకోటకు పోయాడు. మంజుల స్టేటర్‌ను ఒళ్లోకి తీసుకుంది. వేళ్లు లోపలికి పోనిచ్చి, టేపు విప్పి చూడగానే తప్పు దొరికింది. రెండు కాయిళ్లను కలిపే చోట మొదటిదాని చివరి కొసను రెండోదాని మొదటి కొసకు కలిపాడు. ఎవరైనా అట్లాగే కలుపుతారు, ఒకటి అయిపోయిన చోట ఇంకొకటి మొదలుకావాలి కదా! కానీ మోటరులో అట్లా కుదరదు. చివరి కొసను చివరి కొసకే కలపాలి. మామ నేర్పిన మొదటి నెలలోనే ఆమె అడిగింది, గిదేంది మామా, ఉల్టా ఉందేంది అని. "గట్లనే కలపాలె బిడ్డా. అడుక్కుంట గూసుంటె పని ఆగుతది," అన్నాడాయన. ఆ తర్వాత ఆమె అడగలేదు. కొన్ని వందల మోటర్లలో చివరి కొసను చివరి కొసకు కలిపింది.

సంచి అడుగున ఇంకేదో బరువుగా తగిలింది. పుస్తకం. అట్ట మీద చాందీ, తొమ్మిదో తరగతి అని ఉంది. స్టేటర్‌తోపాటు పొరపాటున వచ్చినట్టుంది. మంజుల పేజీలు తిప్పింది. ఒకచోట చెయ్యి ఆగిపోయింది. ఇరవై నాలుగు గీతలు, మూడు రంగులు, ఒక గీత నుంచి ఇంకో గీతకు వంపు తిరిగి పోయే దారులు. ఇన్నేళ్లుగా తన వేళ్లు గుడ్డిగా నడిచిన దారులన్నీ ఎవరో కాగితం మీద పరిచి పెట్టారు! ఆమె చూపుడువేలు ఎర్ర గీత వెంట పోయింది, గడప దాటినట్టు మలుపు తిరిగింది, వెనక్కి వచ్చింది. ఎక్కడా తప్పు పోలేదు. తనకు తెలిసిన పనికి బొమ్మ ఉందని, ఆ బొమ్మకు పేరు కూడా ఉందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. పేజీ అంచున పెన్సిలుతో చిన్న అక్షరాలు ఉన్నాయి: చివరను చివరకే ఎందుకు? సార్‌ను అడగాలి.

"మంజులా, కూర మాడు వాసనొస్తంది!" వీరమ్మ అరిచింది.

మంజుల లేవలేదు. బొమ్మ కింద అచ్చులో ఉన్నదాన్ని కూడబలుక్కుని చదివింది. ఒక కాయిల్లో కరెంటు పైకి పోతే ఇంకోదాంట్లో కిందికి దిగాలట. అప్పుడే ఒకటి ఉత్తరమూ, ఒకటి దక్షిణమూ అవుతుందట. సగం అర్థమైంది. మిగతా సగం కోసం ఆమెకు పదిహేనేళ్ల పిల్లలాగా ఆత్రం పుట్టింది.

కొసలు మార్చడం రెండు నిమిషాల పని. బ్లేడు చేతిలోకి తీసుకుని కూడా ఆగిపోయింది. తను ఇప్పుడు సరిచేస్తే రేపు మోటరు తిరుగుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆయన ముఖం నిలబడుతుంది. ఆ చాందీ మళ్లీ లేచి ఎందుకు సార్ అంటే, "గిప్పుడు తిరుగుతంది గద, కూసో," అంటాడు. పిల్ల కూర్చుంటుంది. రెండుసార్లు అట్లా కూర్చోబెడితే మూడోసారి అడగదు. అడగడం మానేసిన పిల్ల ఎట్లా ఉంటుందో మంజులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్లూ పని తనది, పేరు ఆయనది అని లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది, దానికి అలవాటు పడింది. కానీ తన చేతుల్లో ఉన్న ఈ తప్పు ఆ పిల్ల ప్రశ్నకు జవాబు. దీన్ని ఇంట్లో దొంగచాటుగా సరిచేస్తే ఆ జవాబును తనే మాయం చేసినట్టు. ఆమె బ్లేడు పక్కన పెట్టి, టేపు మళ్లీ చుట్టి, స్టేటర్‌ను ఎట్లా వచ్చిందట్లాగే సంచిలో పెట్టింది.

తెల్లారి రామ్మోహన్ అడిగాడు. "సరిచేసినవా?"

"లేదు. నేనే బడికి తీస్కపోయి పిల్లల ముందట సరిచేస్త."

"పిచ్చి లేసిందా?"

"ఇగ పలక బలపం గూడ పట్టుకపో! పంతులమ్మవైతవ్!" వీరమ్మ బియ్యం చెరుగుతూ అంది.

"నా ఇజ్జత్ తీస్తవా మంజులా?" ఈసారి అతని గొంతు చిన్నగా ఉంది.

"నీ ఇజ్జత్‌ను పద్దెనిమిదేండ్ల సంది ఎనుక అర్రల గూసొని చుడుతున్న. నీ మీద చెప్పనీకె పోతలేను. ఆ పొల్ల అడిగింది, చెప్పాలె. గంతే."

ఆటోలో సంచిని ఒళ్లో పెట్టుకుని పోయింది. సౌందర్య ఆమెను చూసి వాకిలి దాకా వచ్చింది. "అన్న రాలేదా అక్కా?"

"రాలె. వైండింగు నేను చేస్త మేడం. మొదట్నుంచి నేనే." ఆ మాట ఇంత చిన్నదని ఆమెకు అప్పుడే తెలిసింది.

క్లాసులో ఇరవై మంది ఉన్నారు, ఆరుగురు ఆడపిల్లలు. చాందీ ఎవరని అడిగితే ముందు బెంచీలోంచి రెండు జడల బక్కపిల్ల లేచింది. మంజుల పుస్తకం ఇచ్చి, "రా బిడ్డా, టేపు నువ్వే విప్పు," అంది. కొసలు చూపించింది. ఏది దేనికి కలిసి ఉందో వాళ్లచేతే చెప్పించింది. చాందీ చివరి కొసను చివరి కొసకు కలిపి టేపు చుట్టింది. సౌందర్యా పిల్లలూ కలిసి మిగతా భాగాలు బిగించారు. స్విచ్ వేయగానే మోటరు ఒక్కసారి ఉలిక్కిపడి, సర్రున తిరిగింది.

"నీళ్లు లేకుంట ఎక్కువసేపు తిప్పొద్దు, బందు చెయ్యుండ్రి," అంది మంజుల. చప్పట్లు ఆగాయి. చాందీ మాత్రం కూర్చోలేదు.

"చివరను చివరకే ఎందుకు మేడం?"

"ఎట్ల కలపాలెనో నాకు తెలుసు బిడ్డా. ఎందుకో నిన్న నీ పుస్తకంల చదివిన. సగమే సమజైంది."

పెద్దవాళ్లు ఎవరూ ఆ గదిలో అంతకు ముందు ఆ మాట అన్నట్టు లేదు. సౌందర్య సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగింది. చాందీ జరిగి చోటిచ్చింది. మంజుల బెంచీ మీద కూర్చుని, కాళ్లు ఎట్లా పెట్టుకోవాలో ఆలోచించకుండా ముందుకు వంగి వినసాగింది. ఉత్తరం, దక్షిణం, మధ్యలో తిరిగే బలం... బాణం గుర్తులు పూర్తయ్యేసరికి ఆమె చెయ్యి పైకి లేచింది.

"మేడం, మల్లొకపారి చెప్పుండ్రి. ఇంటికి పోయినంక మా ఆయనకు నేను చెప్పాలె."