సార్‌ని తీసుకురండి

"ఇంట్లో ఒకమాట అడిగి రండి. కత్తిరించాక వెనక్కి తీసుకోం."

లేసు కొలిచేముందు ఆమె ప్రతి ఆడమనిషితోనూ అనే మాట ఇది. గుండీలు, జిప్పులు, దారాలు, లేసులు అమ్మే ఆ ఇరుకు కొట్టులో కూర్చున్న మొదటి రోజుల నుంచీ అంటోంది. అందులో దురుద్దేశం ఏమీ లేదు, వ్యాపారం అంతే. కొన్న మనిషి ఇంటికి వెళ్తుంది, అక్కడ ఎవరో మొహం చిట్లిస్తారు, సాయంత్రానికల్లా ముక్క చేత్తో పట్టుకుని "మా వారికి నచ్చలేదండీ" అంటూ గుమ్మంలో నిలబడుతుంది. తెగిన లేసుని మళ్ళీ చుట్టకి అతికించలేం కదా. ఆ మాటేదో ముందే అనేస్తే నష్టం అవతలివాళ్ళ ఖాతాలో పడుతుంది. మగవాళ్ళతో మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదన్న సంగతి ఆమెకి తట్టనే లేదు, అదే మాట తనకి ఇంకొకరు అప్పజెప్పేదాకా.

అప్పజెప్పింది కంప్యూటరు విడిభాగాలు అమ్మే కొట్టులో కళ్ళజోడు మనిషి.

వీధిలో అందరూ ఆమెని గుండీలమ్మ అంటారు. గుండీలతో పాటు ఈమధ్య ఇంకో పని కూడా పట్టింది. ఎంబ్రాయిడరీ మిషన్లకి డిజైన్లు గీసి ఇవ్వడం. హోటలు యూనిఫారం జేబు మీద గుర్తు, బడిపిల్లల బ్యాడ్జీ, దిండు గలీబు అంచున తీగ, ఇలాంటివి. పని బాగానే వస్తోంది, చేసే యంత్రమే సహకరించడం లేదు. అది భర్త ఆఫీసులో వాడి వదిలేసిన లాప్‌టాప్. డిజైను కాస్త పెద్దదైతే చాలు, బొమ్మ బిగుసుకుపోతుంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఈలోగా బేరం పక్కవీధికి పోతుంది. "నీకిది సరిపోతుందిలే" అని ఇచ్చాడు దాన్ని. ఆ ఇంట్లో ఆమె చేతికొచ్చిన వస్తువులన్నీ ఆ మాటతోనే వచ్చాయి. అత్తగారు వద్దనుకున్న బీరువా, ఆడపడుచు మార్చేసిన ఫోను, తలుపు సరిగ్గా పడని గది. నిజానికి వాటిలో ఏ ఒక్కటీ ఆమెకి సరిపోలేదు. ఆమే వాటికి సరిపెట్టుకుంది. సరిపోవడానికీ సరిపెట్టుకోవడానికీ తేడా ఏమిటో దారం అమ్మేవాళ్ళని అడగాలి. గుడ్డకి దారం సరిపోయిందో లేదో గుమ్మం దగ్గర పగటి వెలుతురులో పెట్టి చూస్తే తెలిసిపోతుంది. దీపం కింద చూసి సరిపోయిందనుకోవడమే సరిపెట్టుకోవడం.

బేరాల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా ఫోనులో చదివి, వీడియోలు చూసి, కంప్యూటరు విడిభాగాల సంగతి నేర్చుకుంది. మొదట్లో భయపడింది కానీ తీరా చూస్తే అది తను చేస్తున్న వ్యాపారమే. ఏది దేనికి సరిపోతుంది? ప్రాసెసరు బోర్డుకి, మెమరీ ఆ బోర్డుకి, బోర్డు డబ్బాకి, వీటన్నిటికీ కరెంటు పంచే పవర్ సప్లై ఆ బరువుకి. ఒక్క తేడా ఉంది. దారం రంగు పిసరంత తప్పినా కుట్టేశాక ఎవరూ చూడరు. ఈ వస్తువులు అలా సర్దుకుపోవు. కుదిరితే కుదురుతాయి, లేకపోతే లేదు. ఆ మొండితనం ఆమెకి ఎందుకో చాలా నచ్చింది.

అన్నిటికంటే ముందు ప్రాసెసరు తెప్పించింది. పోయిన తరంది. కొత్త తరం మార్కెట్లోకి రాగానే దాని ధర పడింది, పనితనం పడలేదు. సీజను దాటిన సరుకులో మంచిది ఏరడం ఆమెకి చేతనైన విద్య. ఏరి, కొని, తీసుకెళ్ళి కొట్టులో నీలం దారాల సొరుగులో దాచింది. తన సంపాదనతో తన పనికోసం కొన్న వస్తువుని దాచడం ఏమిటి? ఆ ప్రశ్న కూడా ఆ సొరుగులోనే వేసి మూసేసింది.

మిగతావి కొందామని వెళ్తే కళ్ళజోడు మనిషి అడిగిన మొదటి మాట, "ఎవరికండీ?"

నాలుక మీద "నాకు" అనే ఉంది. నోట్లోంచి వచ్చింది మాత్రం "మా వారికి" అని. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ అడ్డుకోలేదు. తనదని చెప్పుకోవడానికి ఏదో సిగ్గు ముంచుకొచ్చింది, ఎదుటివాళ్ళ కంచంలోంచి తీసుకుంటూ దొరికిపోయినట్టు.

"అయితే సార్‌ని తీసుకురండి మేడమ్. మీరు పట్టుకెళ్తారు, సార్ ఇది కాదంటారు, మళ్ళీ మార్చమని వస్తారు. మీకూ తిప్పట, మాకూ ఇబ్బంది. ఇంట్లో ఒకమాట అడిగి రండి."

మర్యాదగానే అన్నాడు. ఆమె కూడా ఇన్నేళ్ళూ అంతే మర్యాదగా అంది. తన కొట్టు కత్తెరే తన వేలికి తగిలినట్టయింది. వచ్చిన దారినే ఇంటికొచ్చింది.

భర్త చెడ్డవాడు కాదు. చెయ్యెత్తే రకం కాదు, గొంతెత్తే రకమూ కాదు. విని నవ్వాడు. "అంటే ఉత్సవ విగ్రహంలా నన్ను నిలబెడతావన్నమాట! సరే పద, ఏం అడగాలో చెప్పు మరి." అలా మొదలైంది చదువు. ఆమె గిన్నెలు తోముతూ అడగడం, అతను బల్ల దగ్గర కూర్చుని చెప్పడం.

"బోర్డు ఏదని అడగాలి?"

"అదే, నువ్వు చెప్పిందే."

"అలా కాదండీ. మన ప్రాసెసరు పోయిన తరంది. బోర్డు కూడా దానికి కుదిరేదే అడగాలి."

"తెలుసు తెలుసు. ముసలి పెళ్ళికొడుక్కి ముసలి సంబంధం!"

పక్కగదిలోంచి అత్తగారు, "ఏంట్రా, పరీక్ష రాస్తున్నావా?" అంది.

"అవునమ్మా, నీ కోడలు బెత్తం పట్టుకుని నిలబడింది."

"గుండీలు అమ్ముకోడానికి అవన్నీ దేనికో! ఉన్నది సరిపోదూ?"

గిన్నెల చప్పుడులో ఆ మాట కొట్టుకుపోయింది. అసలు ఆ సాయంత్రాలు ఆమెకి సంతోషంగానే గడిచాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె చెప్పింది అతను అంత శ్రద్ధగా ఎన్నడూ వినలేదు. అతను పాఠం సరిగ్గా ఒప్పజెబితే మురిసిపోయింది కూడా. తన సరుకుకి వేరేవాళ్ళ ముద్ర కొట్టి ఇస్తున్నానన్న సంగతి తెలియనంత అమాయకురాలు కాదు. ముద్ర ఎవరిదైతేనేం, సరుకు ఇంటికొస్తే చాలదా అనుకుంది. వ్యాపారంలో మొహమాటం ఉండకూడదని ఎప్పుడూ అనే మనిషే ఆ మాట అనుకుంది.

సెలవు రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. కళ్ళజోడు మనిషి లేచి నిలబడి "రండి సార్, కూర్చోండి" అని కుర్చీ జరిపాడు. కుర్చీ ఒకటే ఉంది. ఆమె గాజు బల్లకి ఒక పక్కగా, చేతిసంచీ గుండెకి హత్తుకుని నిలబడింది.

"పవర్ సప్లై దగ్గర మాత్రం పొదుపు చెయ్యకూడదండీ" అన్నాడు భర్త, ఏదో సొంత అనుభవం చెబుతున్నట్టు. "బయటికి కనపడదు కానీ, మిగతా అందర్నీ మోసేది అదే."

"భలే చెప్పారు సార్! అందరూ అక్కడే కక్కుర్తి పడతారు. మీలాంటి కస్టమరు అరుదు."

గిన్నెలు తోముతూ ఆమె అన్న వాక్యమది, అక్షరం పొల్లు పోలేదు. భర్త ఆ మెప్పుని, ఇస్త్రీ బట్టలు అందుకున్నట్టు, ఎవరు చేశారని చూడకుండా అందుకున్నాడు. ఆమె నవ్వింది. తర్వాత చాలాసార్లు గుర్తొచ్చి ఆమె చెంపలు మండింది ఆ నవ్వుకే.

అంతలో కళ్ళజోడు మనిషి, "ఈ కూలింగ్ ఫ్యాను ఈ డబ్బాలో పట్టదు సార్. ఎత్తు ఎక్కువ, మూత పడదు. ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు.

భర్త తల ఇటు తిప్పాడు. "మా ఆవిడ."

ఇద్దరూ నవ్వుకున్నారు. "పర్లేదు మేడమ్, అందరూ చేసే పొరపాటే."

పొరపాటు నిజంగా తనదే. వెడల్పు చూసుకుంది, ఎత్తు చూసుకోలేదు. చెవుల దాకా వేడెక్కింది. చెప్పిన వాటిల్లో తొమ్మిది ఒప్పయినా అవి సార్‌వి, తప్పయిన ఒక్కటీ మా ఆవిడది! ఆ మంటలో ఉండగానే వినబడింది అసలు ప్రశ్న. "ప్రాసెసరు ఇంట్లో ఉందన్నారు కదా, ఏ తరం సార్?"

భర్త గోడ నిండా పేర్చిన కొత్త పెట్టెలకేసి చూశాడు, తనని గౌరవంగా చూస్తున్న మనిషికేసి చూశాడు. పాతదని చెప్పడానికి నోరు రాలేదు. "లేటెస్టే" అన్నాడు.

కొత్త తరం బోర్డు బల్ల మీదికొచ్చింది. దానికి కుదిరే మెమరీ పక్కన చేరింది. ఆమె నోరు తెరిచింది, మూసింది. అతన్ని పదిమందిలో తక్కువ చెయ్యకూడదని ఊరుకున్నానని అప్పుడు తనకి తను చెప్పుకుంది. ఇందాక నవ్విన ఇద్దరూ మళ్ళీ నవ్వుతారేమోనన్న జంకు కూడా ఉంది. ఈ రెంటికీ అడుగున ఇంకొకటి ఉంది. కానీలే, చూద్దాం అనుకుంది. ఇంటికెళ్ళాక అది కూర్చోదుగా, అప్పుడు తెలుస్తుంది ఎవరికి ఎంత తెలుసో. తూకంలో తేడా కళ్ళారా చూసి నోరు మూసుకున్న వ్యాపారిని ఏమంటారో ఆమెకి బాగా తెలుసు.

"బిల్లు ఎవరి పేరు మీద సార్?"

"నా పేరు మీదే రాయండి."

"వారంలోపు అయితే మారుస్తాం. బోర్డులో పిన్నులు మాత్రం వంగకూడదు. బిల్లులో పేరున్న మనిషే రావాలి."

ఆ మధ్యాహ్నం ఇంట్లో భోజనాల బల్ల తుడిచి, మెత్తటి దుప్పటి పరిచారు. ఆడపడుచు కూడా వచ్చింది. భర్త పెట్టెలు ఒక్కొక్కటే విప్పుతూ పేర్లు చెబుతుంటే అత్తగారు ముచ్చటగా చూస్తోంది. ఆమె సొరుగులోంచి తెచ్చిన ప్రాసెసరు తీసి బోర్డులో పెట్టబోయాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అంచున ఉండే గాట్లు కలవడం లేదు.

"కాస్త నొక్కితే కూర్చుంటుందేమో" అని బొటనవేలు మోపాడు.

ఆమె చటుక్కున మధ్యలో అరచెయ్యి పెట్టింది. కింద వెంట్రుకల్లాంటి పిన్నులు, ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే. "నొక్కకండి. ఇది దీనికి కుదరదు."

"కుదరదా? నువ్వేగా ఎంచావు!"

"గుండీ అనుకున్నావా వదినా, ఎందులో తోస్తే అందులో పట్టడానికి?" అంది ఆడపడుచు. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

భర్త మాత్రం నవ్వలేదు. పెద్దమనసు చేసుకున్నాడు. "పోనీలెండి, ఏమనకండి. దానికి మాత్రం ఏం తెలుసు? నమ్మి వెళ్ళడం నాదే తెలివితక్కువ" అన్నాడు. అందరి ముందూ ఆమెని క్షమించాడు.

తిట్టినా బాగుండేది. ఆమె కంప్యూటరు కొట్టులో వేసుకొచ్చిన లెక్కలో ఒకే ఒక్క తప్పు ఉంది. తప్పు బయటపడితే అది ఎవరి తప్పో కూడా దాంతోపాటే బయటపడుతుందనుకుంది. బయటపడలేదు. అతనికి తను "లేటెస్టే" అన్న సంగతే గుర్తులేదు. మెప్పు ఎలా అటు నడిచిపోయిందో తప్పు అలా ఇటు నడిచొచ్చింది, దారులు తెలిసిన పశువుల్లాగా. ఇప్పుడు "మీరే అన్నారు" అంటే, "మరి అక్కడే చెప్పలేకపోయావా?" అంటారు. ఆ ప్రశ్నకి తన దగ్గర ఉన్న జవాబు ఎంత నీచంగా ఉందో ఆమెకే తెలుసు. అతను పరువుకోసం ఒక్క అబద్ధం ఆడాడు. తను "మా వారికి" అన్న దగ్గర మొదలుపెట్టి, నవ్వుతో కొనసాగించి, మౌనంతో ముగించింది. బేరం మొత్తం తను కుదిర్చిందే.

మర్నాడు కొట్టుకి ఒకామె వచ్చింది. కొత్తమనిషి. చేతుల నిండా రంగు మరకలు, ఏ ఫ్యాక్టరీ నుంచో నేరుగా వచ్చినట్టుంది. ఉన్నవాటిల్లో ఖరీదైన నల్ల లేసు చూపించి, "ఇది ఇవ్వండి" అంది.

కత్తెర అందుకుంటూ, "ఇంట్లో ఒకమాట..." అని ఆగిపోయింది గుండీలమ్మ. తడబడి, "ఎవరికండీ?" అంది.

"నాకే. ఇంకెవరికి?" అందామె, ఇదేం ప్రశ్నన్నట్టు.

లేసు సాఫీగా తెగింది. ఆమె వెళ్ళిపోయాక గుండీలమ్మ చాలాసేపు ఆ గుమ్మం వంకే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళలో ఎంతమందిని ఆ గుమ్మంలోంచి వెనక్కి పంపిందో. వాళ్ళల్లో ఎంతమంది ఇంటికెళ్ళి అడగలేక, మళ్ళీ రాలేక ఊరుకున్నారో. వాళ్ళు రాకపోతే బేరం తప్పిందనుకుంది కానీ, దాని వెనకాల ఒక మనిషి ఉంటుందనుకోలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి బోర్డూ మెమరీ పెట్టెల్లో సర్దేసి, సంచీలో పెట్టి, తలుపు పక్కన ఆనించి ఉన్నాయి. భర్త పేపరు చదువుకుంటున్నాడు.

"రేపు నువ్వెళ్ళి మార్చుకొచ్చేయ్" అన్నాడు.

"బిల్లు మీ పేరు మీదుంది. మీరు రావాలి."

"మా వారు పంపారని చెప్పు, ఇచ్చేస్తాడు. నేనొచ్చి ఏం చెయ్యను? నాకేం తెలుసు వాటి గురించి!"

ఎంత తేలిగ్గా అనేశాడు! నాలుగు గోడల మధ్య ఆ మాటకి సిగ్గుతో పనిలేదు. ఆమె చెప్పులు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"ప్రాసెసరు లేటెస్టని మీరు చెప్పినప్పుడే ఆ బోర్డు కుదరదని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. మీరు దెబ్బతినాలని ఊరుకున్నాను. అది తప్పు. కంప్యూటరు నాకని మొదట్లోనే ఆ కొట్టులో చెప్పకపోవడం అంతకంటే తప్పు. రేపు ఆ కొట్టు బల్ల దగ్గర ఇవన్నీ చెప్పి, బిల్లు నా పేరు మీద మార్పించుకుంటాను."

పేపరు కిందికి దిగింది. అత్తగారి గదిలో టీవీ చప్పుడు తగ్గింది.

"అతని ముందా? నీకేమైనా పిచ్చా? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నేనెక్కడ పెట్టుకుంటే అక్కడే, పక్కనే. నా మాట నేను చెబుతాను. మీరు ఒక్క మాట అంటే చాలు."

"ఏ మాట?"

"ఇప్పుడే అన్నారుగా. నాకేం తెలుసు వాటి గురించి, అని."