లెన్సుకి అడ్డం పెట్టిన చెయ్యి

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒకటే. మా ఆయన పోయినట్టే మా మరిది కూడా ఏదో ఒక మేడ మీద, తెరిచిపెట్టిన కెమెరా పక్కన పోతాడేమోనని.

మా ఆయనకు ఫొటో స్టూడియో ఉండేది. పగలంతా పెళ్ళి ఆల్బములు, పాస్‌పోర్టు ఫొటోలు. చీకటి పడ్డాక మబ్బు కమ్మిందంటే మాత్రం తమ్ముణ్ణి వెంటేసుకుని మేడెక్కేవారు. మెరుపుని చూసి నొక్కితే అది అందదట. ముందే కెమెరాని స్టాండుకి బిగించి, వైరు చివర ఉన్న బటన్ నొక్కి, షట్టర్ తెరిచి కాచుకోవాలి. అది తెరిచి ఉన్నంతసేపట్లో మెరిస్తే బొమ్మ తనంతట తనే పడుతుంది. మధ్యలో కదిపినా, మూసినా అంతా వృథా.

"మెరుపు నీలాంటిదే. పిలిస్తే రాదు, తల తిప్పుకున్నాక వస్తుంది" అనేవారు.

"పిలిస్తే పని చెప్తారని రాను మరి" అనేదాన్ని.

ఆయనకో నియమం ఉండేది. మెరిశాక అంకెలు లెక్కపెట్టాలి. ముప్పై లోపే ఉరిమితే సామాను సర్దుకుని దిగిపోవాలి. పోయినేడు ఆ సాయంత్రం లెక్కపెట్టింది మరిదే. సగం కూడా కాకుండానే ఉరిమింది.

"అన్నా, పద."

"నువ్వు దిగరా. షట్టర్ తెరిచుంది. ఇదొక్కటి మూసుకోగానే వచ్చేస్తా."

మరిది దిగాడు. కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. నేను వడ్డించాను. రెండో ముద్ద నోటిదాకా వెళ్ళేలోపు ఇల్లంతా తెల్లగా అయిపోయింది.

అప్పటినుంచి మబ్బు పడితే మరిది అన్నం ముట్టడు.

ఆ కెమెరా కాలిపోయింది. స్టూడియోలో ఇంకోటి ఉంది. "నీళ్ళ ట్యాంకు వెనక నిలువునా దిగే మెరుపు వదినా. అన్నకి కావాల్సింది అదే. ఒక్కసారి తీసి గోడకి తగిలించేస్తే ఇక చాలు" అంటూ ఉండేవాడు. నేను ఆ బటన్ వైరు తీసి, తండ్రిని చూడని చంటాడి పొత్తిగుడ్డల కింద దాచేశాను. వైరు లేకపోతే ఏం చేస్తాడులే అనుకున్నాను.

ఈమధ్య ఒక సాయంత్రం ఆకాశం నల్లబడింది. మా పాప జుట్టు విరబోసుకుని వచ్చింది.

"అమ్మా, నా జడ బ్యాండూ, పెన్సిల్ రబ్బరూ బాబాయి పట్టుకెళ్ళాడు."

"బాబాయికి జడెక్కడుందే?"

"ఏమో. కెమెరా బటన్‌కి కట్టుకుంటాడంట."

రబ్బరు ముక్కని కెమెరాకే ఉన్న బటన్ మీద పెట్టి బ్యాండుతో బిగిస్తే, వైరు లేకపోయినా వేలితో నొక్కి పట్టుకున్నట్టే. చంటాణ్ణి పాప పక్కన పడుకోబెట్టి, మెట్లెలా ఎక్కానో తెలియదు.

చీకట్లో కెమెరా మీద, షట్టర్ తెరిచి ఉంటే వెలిగే చిన్న ఎర్ర చుక్క కనిపిస్తోంది. పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"దిగు" అన్నాను.

"ఇదొక్కటి మూసుకోగానే వచ్చేస్తా వదినా."

అవే మాటలు. తనేమన్నాడో తనకే తెలియలేదు. నేను వెళ్ళి లెన్సుకి చెయ్యి అడ్డం పెట్టేశాను. సరిగ్గా అప్పుడే ట్యాంకు వెనక, పైనుంచి కిందిదాకా, నిలువునా మెరిసింది.

"వదినా... అదే" అన్నాడు.

కిందికొచ్చాక ఆ ఫొటో చూశాం. అంతా నలుపు.

"అన్న ఉంటే నిన్ను తిట్టేవాడు."

"తిట్టమను. కిందికి దిగొచ్చి తిట్టమను."

ఇద్దరం గోడకానుకుని ఏడ్చాం. పాప లేచి వచ్చి, తన రబ్బరు తనకిచ్చేయమంది.

ఆ వారమే మరిది వేరే గది తీసుకున్నాడు. పని దగ్గరవుతుందని వంక. మేడ మీది గదట. పగలు వస్తాడు, చంటాణ్ణి ఎత్తుకుంటాడు, నవ్విస్తాడు. మబ్బు పట్టిన రోజున మాత్రం ఫోనెత్తడు. పిల్లలిద్దరినీ వదిలి నేనెక్కడికని పరిగెత్తను? ఆ గది ఏ వీధిలో ఉందో కూడా చెప్పలేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఉరుములు మొదలైనప్పుడు ఒక్కసారి మీ చుట్టుపక్కల మేడల వంక చూడండి. ఎక్కడైనా ఎర్ర చుక్క, దాని పక్కన గొంతుక్కూర్చున్న మనిషి కనిపిస్తే కిందినుంచే గట్టిగా కేకేయండి. అన్నం తిన్నావా అని అడగండి. ఇదొక్కటి మూసుకోగానే వస్తానంటాడు. నమ్మకండి. దిగేదాకా పిలుస్తూనే ఉండండి.